రాక్స్‌బర్గ్ గ్రంథంలో చిరివేరు

వృక్షశాస్త్ర గ్రంథాలను మనం సామాన్యంగా నిఘంటువులను వాడినట్లే వాడుతాం. పేరు కావలసి వచ్చినప్పుడు తెరుస్తాం. పేరు దొరకగానే మూసివేస్తాం. వాటిలోని వాక్యాలను ఆగి చదివి, ఇందులో చెప్పినదెంత, చెప్పక విడిచినదెంత, చెప్పినదానికి ఆధారమేమిటి అని విచారించడం అరుదు. కావ్యాలకు విమర్శ ఉన్నట్లే శాస్త్రగ్రంథాలకూ విమర్శ ఉండవలె. తెలుగుదేశపు మొక్కలనుంచి పుట్టిన ఒక ప్రసిద్ధ గ్రంథాన్ని, అందులోని ఒక చిన్న మొక్కను ఆధారంగా తీసుకొని, అట్లా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. గ్రంథం విలియం రాక్స్‌బర్గ్ రచించిన ‘కోరమాండల్ తీరపు మొక్కలు’. మొక్క చిరివేరు.

మొక్క ఎటువంటిది?

చిరివేరును చూసి గుర్తుపట్టగలవారు నేడు తక్కువ. సముద్రతీరంలోని పొడి ఇసుక నేలల్లో ఇది నేలబారుగా, చిన్న గుబురుగా పెరుగుతుంది. ఎత్తు జానెడు, బాగా పెరిగితే మరికొంచెం. ఆకులు సన్నని గీతలవలె ఉండి, కణుపులవద్ద ఎదురెదురుగాగాని, గుంపుగాగాని కనిపిస్తాయి. పూలు తెల్లనివి, మిక్కిలి చిన్నవి. గొడుగు ఊచలు ఒక్కచోటినుంచి బయలుదేరినట్లు, కొన్ని పూకాడలు ఒక్కచోటినుంచి బయలుదేరి, కొనలను పూలను మోస్తాయి. ఈ లక్షణాన్నిబట్టే లిన్నేయస్ 1753లో దీనికి ‘ఓల్డెన్‌లాండియా అంబెల్లేటా’ అని పేరు పెట్టాడు. పేరులోని రెండవ మాటకు గొడుగుపూలు గలది అని అర్థం. మొదటి మాట ఓల్డెన్‌లాండ్ అనే వృక్షశాస్త్రజ్ఞుని పేరుమీద వచ్చింది. కొందరు శాస్త్రజ్ఞులు ఈ మొక్కను ‘హెడియోటిస్’ అనే ప్రజాతిలో చేర్చారు.

పువ్వును భూతద్దం కింద ఉంచి చూస్తే ఆకర్షణపత్రాలు నాలుగు, పుంకేసరాలు నాలుగు కనబడతాయి. అండాశయం నిమ్నం, అంటే మిగిలిన పుష్పభాగాలకు దిగువగా ఉంటుంది. ఎదురెదురు ఆకుల కాడల మధ్య ముళ్లవెంట్రుకలవంటి పత్రపుచ్ఛాలుంటాయి. ఇవన్నీ కాఫీ కుటుంబపు లక్షణాలు. ఇంటి ముందు పెంచే నూరువరహాలు, ఎరుపు రంగునిచ్చే మంజిష్ఠ, తొగరు ఈ కుటుంబంలోనివే.

పైన చూస్తే ఇది తోటమాలి కలుపని పీకివేసే మొక్క. దీని గొప్పతనమంతా నేలలో ఉన్నది. వేరుమీది బెరడు పచ్చిగా ఉన్నప్పుడు నారింజవన్నె. లోపలి కర్ర తెలుపు. ఈ బెరడులో అలిజరిన్ అనే రంగుపదార్థం ఉన్నది. పటిక పట్టించిన నూలుగుడ్డను ఈ వేళ్ల కషాయంలో కాచితే పటిక తగిలినచోట ఎరుపెక్కి, ఉతికినా పోకుండా నిలుస్తుంది. పటికకు బదులు ఇనుము కలిసిన ద్రవం తగిలినచోట ఊదా మొదలు నలుపువరకు వన్నెలు వస్తాయి. కోరమాండల్ తీరపు కలంకారీ గుడ్డల ఎరుపునకు శతాబ్దాలపాటు ఆధారంగా నిలిచినది ఈ వేరే. 1618 నుంచి 1622 వరకు మచిలీపట్నంలో ఇంగ్లీషు వర్తకుడుగా ఉన్న విలియం మెథ్‌వోల్డ్, 1626లో అచ్చయిన తన గోలకొండ వృత్తాంతంలో ఈ రంగువేరును ప్రశంసించాడు.

గ్రంథం, గ్రంథకర్త

రాక్స్‌బర్గ్ స్కాట్లండు దేశస్థుడు, 1751లో జన్మించాడు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా మద్రాసుకు వచ్చి, 1781లో సామర్లకోటకు చేరి, అక్కడ తోట వేసి, మిరియాలు మొదలైన వాటిని పెంచి చూశాడు. పాట్రిక్ రస్సెల్ తరువాత, 1789లో, మద్రాసులో కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడైనాడు. 1793లో కలకత్తా తోటకు అధికారిగా వెళ్లాడు. ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అనే గ్రంథం లండనులో సర్ జోసఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణ కింద 1795లో వెలువడడం ప్రారంభించి, మూడు సంపుటాలుగా 1820లో పూర్తి అయినది. మొత్తం 300 వర్ణచిత్రాలు. గ్రంథకర్త 1815లోనే మరణించినందువల్ల చివరి భాగాన్ని చూడలేదు.

ఇందులో మొదటి సంపుటం మూడవ చిత్రం చిరివేరుది. ఎన్నో మహావృక్షాలకంటె, అందమైన పూలతీగలకంటె ముందు ఈ జానెడు మొక్కకు చోటు దొరకడం గమనింపదగినది. అది కొత్తగా కనుగొన్న మొక్క కాదు. లిన్నేయస్ పేరు పెట్టి అప్పటికే 42 ఏళ్లయినది. కాబట్టి రాక్స్‌బర్గ్ మనకు ఇచ్చినది పేరు కాదు. మరేమిటి?

గుణాలు

మొదటి గుణం, అతడు ఎండిన రెమ్మను కాక సజీవమైన మొక్కను చూసి వ్రాయడం. ఐరోపాలో కూర్చుండి, ఓడలమీద వచ్చిన ఎండుకొమ్మలనుబట్టి వర్ణనలు వ్రాసినవారికి పచ్చివేరు రంగు తెలియదు. ఆ వేరును నమిలితే ఉమ్మి పచ్చబడుతుందని తెలియదు. రాక్స్‌బర్గ్‌కు తెలుసు. మొక్క ఎటువంటి నేలలో ఉంటుందో, నాటినది ఎట్లా పెరుగుతుందో, తానుగా మొలిచినది ఎట్లా ఉంటుందో అతడు వేరువేరుగా చెప్పాడు.

రెండవది, మొక్కకు ఈ దేశంవారు పెట్టుకొన్న పేరును గౌరవించడం. అతడు తెలుగు పేరును తన చెవికి వినబడినట్లు రోమను లిపిలో వ్రాసుకొన్నాడు. అక్షరాలు కొంత వికారంగా ఉన్నా, పేరు పోలేదు. గ్రంథమంతటా ఇట్లాగే తెలుగు పేర్లు ఎన్నో నిలిచి ఉన్నవి.

మూడవది, మొక్కను వాడుకనుంచి విడదీయకపోవడం. వేరుతో గుడ్డలకు రంగు వేసే విధానాన్నికూడా అతడు వర్ణించాడు. తరువాతి కాలంలో వెలువడిన గాంబుల్ ‘మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాలం’ (1915–1936) మొక్కను గుర్తించడానికి ఇంతకంటె ఎంతో మేలైన సాధనం. అయితే అది ముఖ్యంగా మొక్కను గుర్తించడానికి ఏర్పడిన గ్రంథం. గాంబుల్ పుస్తకం చేతిలో ఉంటే ఇది ఏ మొక్క అని తెలుస్తుంది. రాక్స్‌బర్గ్ పుస్తకం చేతిలో ఉంటే ఈ మొక్క ఎవరికి, ఎందుకు కావలసివచ్చిందో తెలుస్తుంది. ఉపాధ్యాయునికి రెండూ కావలె.

లోపాలు

గుణాలను చెప్పిన నోటితోనే లోపాలనుకూడా చెప్పవలె. చిత్రాలను వ్రాసినవారు భారతీయ చిత్రకారులు. పేరుకు, ప్రతిష్ఠకు యోగ్యమైన పని అది. కాని గ్రంథం వారి పేర్లను లోకానికి అందించలేదు. అట్లాగే, నాటిన వేరుకూ తానుగా పెరిగిన వేరుకూ గల భేదం రాక్స్‌బర్గ్‌కు తోటలో ఊరకే తట్టినది కాదు. వేళ్లు తవ్వినవారికి, అద్దకపువారికి ఎన్నో తరాలుగా తెలిసిన సంగతి అది. వారు గ్రంథంలో ఒక జాతిగా కనబడతారు, మనుషులుగా కనబడరు. ఆ కాలపు గ్రంథాలన్నీ అంతే అని సమాధానం చెప్పవచ్చు. అది కారణం అవుతుంది. లోపం లేదనడానికి ఋజువు కాదు.

మరొక లోపం ఎంపికలో ఉన్నది. ఈ గ్రంథానికి మూలమైన ఆలోచన రస్సెల్‌ది: కోరమాండల్ తీరంలోని ఉపయోగకరమైన మొక్కలనుగురించి కంపెనీ ఒక పుస్తకం వేయవలెనని. ఉపయోగం అంటే ముఖ్యంగా కంపెనీకి ఉపయోగం. చిరివేరు ఎరుపు రంగు నివ్వకపోతే, ఆ తెల్లని చిన్న పువ్వుకు మూడవ చిత్రంగా చోటు దొరికేది కాదు. చిరివేరు ప్రక్కనే అదే ఇసుకలో పెరిగే మరెన్నో చిన్న పూలు, పనికిరానివన్న కారణంగా వెనుకబడి ఉంటాయి. విద్యార్థి ఈ సంగతి తెలిసి చదవవలె. గ్రంథంలో లేని మొక్క నేలమీద లేదని అనుకోరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన లోపం కాలానికి సంబంధించినది. చిత్రం మొక్క జీవితంలో ఒక్క క్షణాన్ని పట్టి చూపుతుంది. ధూళివంటి విత్తు ఎట్లా మొలిచింది, మొదటి ఏడు వేరు ఎంత దిగింది, బెరడు ఎప్పుడు రంగు పట్టింది అనే ప్రశ్నలకు చిత్రంలో జవాబు దొరకదు. పెంచేవానికి కావలసినవి ఈ ప్రశ్నలే.

ఒక్క వాక్యాన్ని పరీక్షిద్దాం

రాక్స్‌బర్గ్‌నుంచి తరువాతి గ్రంథకర్తలు పదేపదే ఎత్తి వ్రాసుకొన్న సంగతి ఒకటి ఉన్నది. తానుగా పెరిగిన మొక్క వేరు పొట్టిది. అయినా నాటిన మొక్క వేరుకంటె నాలుగోవంతు ఎక్కువ రంగు ఇస్తుంది. ఆ రంగుకూడా మేలైనది. దొరికితే రెండేళ్ల వేరు శ్రేష్ఠం. ఇదీ దాని తాత్పర్యం. విన్నంతనే నమ్మబుద్ధి పుడుతుంది. అడవిలో పెరిగినది బలమైనదనీ, తోటలో పెరిగినది బలహీనమైనదనీ మనం తరచు అనుకొంటాం గదా! కాని శాస్త్రదృష్టితో చూస్తే ఇది సిద్ధాంతం కాదు, ప్రశ్న.

నాలుగోవంతు ఎక్కువ అంటే దేనిలో? పచ్చివేరు బరువుననుసరించా, ఎండువేరు బరువుననుసరించా? నీరు పోసి పెంచిన వేరులో తేమ ఎక్కువగా ఉంటే, పచ్చివేళ్లను తూచినప్పుడు దానికి రంగు తక్కువగా తోచవచ్చు. రెండింటి వయసు ఒకటేనా? తానుగా మొలిచిన మొక్క ఎన్నేళ్లదో తవ్వేవానికి సరిగా తెలియదు. అది రెండేళ్లదో మూడేళ్లదో అయి ఉండవచ్చు. అప్పుడు భేదానికి కారణం అడవి కాదు, వయసు.

ఇంకొక కారణం చిన్న లెక్కలో దొరుకుతుంది. రంగు బెరడులోనే ఉన్నది, కర్రలో లేదు. ఒక వేరు వ్యాసార్ధం 1 మిల్లీమీటరు, బెరడు మందం పావు మిల్లీమీటరు అనుకొందాం. అడ్డుకోతలో బెరడు వైశాల్యం మొత్తంలో సుమారు 44 శాతం అవుతుంది. మరొక వేరు వ్యాసార్ధం ఒకటిన్నర మిల్లీమీటర్లు, బెరడు మందం అంతే అనుకొంటే, బెరడు సుమారు 31 శాతమే. సమానమైన తూకంలో సన్నని వేరు ఎక్కువ బెరడును, అందువల్ల ఎక్కువ రంగును ఇస్తుంది. అంటే ఎరువూ నీరూ త్రాగి లావెక్కిన వేరు రంగులో వెనుకబడడానికి రేఖాగణితమే చాలవచ్చు. మన లెక్కలోని కొలతలు ఊహించుకొన్నవి. అసలు కొలతలు వేరును కోసి చూసిన విద్యార్థి చెప్పవలె.

ఇట్లా ఒక్క వాక్యంలోనుంచి మూడు ప్రశ్నలు వచ్చాయి: తేమ, వయసు, బెరడు పాలు. ఇవి రాక్స్‌బర్గ్‌ను తక్కువ చేయడానికి వేసినవి కావు. పరీక్షకు నిలువగల వాక్యాన్ని మనకు ఇచ్చినందుకే అతనికి గౌరవం. ‘ఈ వేరు అద్భుతమైనది’ అని మాత్రమే వ్రాసి ఉంటే పరీక్షించడానికి మనకేమీ మిగిలేది కాదు.

పాఠశాల తోటలో చిరివేరు

ఈ ప్రశ్నలకు జవాబు గ్రంథాలయంలో దొరకదు, మడిలో దొరుకుతుంది. మన పాఠశాలల తోటల్లో బంతి, జీనియా, కాస్మాస్ కన్నులపండువుగా పూస్తాయి. మూడూ మెక్సికో ప్రాంతంనుంచి వచ్చినవి. వాటిని తీసివేయనక్కరలేదు. వాటి ప్రక్కన రెండు గజాల ఇసుకమడి చాలు.

విత్తనానికై మొక్కలను పెరికి తేరాదు. వేరు తవ్వితే మొక్క చస్తుంది. అది ఆ చోటున మళ్లీ విత్తు రాల్చదు. ఎండిన కాయలను కొన్ని మొక్కలనుంచి కొంచెం కొంచెంగా కోసి, ఎక్కువ భాగం అక్కడే విడిచిపెట్టవలె. విత్తులు ధూళివలె ఉంటాయి గనుక సన్నని పొడి ఇసుకతో కలిపి, మడిమీద పలుచగా చల్లి, పైన మట్టి కప్పక అరచేతితో మెల్లగా అదిమితే చాలు. ధారగా నీరు పోస్తే విత్తులు కొట్టుకొనిపోతాయి, చిలకరించవలె. మొలకలు నిలదొక్కుకొన్నాక నీరు తగ్గించవచ్చు. ఎండ బాగా తగలవలె, నీరు నిలువరాదు. వేరు అడుగు, రెండడుగులు దిగగలదు గనుక తొట్టి వాడేటట్లయితే లోతైనది కావలె. పూలకుండీలో వేరు చుట్టలు చుట్టుకొని పెరిగితే పొడవు కొలవడం వ్యర్థం.

మడిని రెండు భాగాలు చేసి, ఒకదానిలో వట్టి ఇసుక, రెండవదానిలో ఇసుకతో మాగిన పశువులఎరువు వేయవలె. రెండింటిలోనూ ఒకే రోజున, ఒకే విత్తనం. ఏడాదికి కొన్ని, రెండేళ్లకు కొన్ని మొక్కలను తవ్వి, వేళ్లను కడిగి, నీడలో బరువు మారనంతవరకు ఎండబెట్టి, పొడిచేయవలె. పచ్చి బరువు, ఎండు బరువు రెండూ వ్రాసుకోవలె. ఒక్కొక్క వేరును అడ్డంగా కోసి, సూక్ష్మదర్శినిలో బెరడు మందం కొలవవలె. ఇంతటితో పై మూడు ప్రశ్నలకూ కావలసిన అంకెలు చేతికి వస్తాయి.

రంగు పరీక్షకు గంజి పోయేటట్లు ఉడికించిన నూలుగుడ్డను కరక్కాయ కషాయంలో ముంచి ఆరబెట్టి, పటికనీరు పట్టించి, సమానమైన ముక్కలు చేయవలె. సమానమైన తూకం వేరుపొడి, సమానమైన నీరు తీసుకొని మెల్లగా వేడిచేయవలె. అలిజరిన్ నీటిలో సులభంగా కరగదు. తొందరపడి మరిగిస్తే రంగు సమంగా పట్టదు. అన్నిటికీ ఒకే బావి నీరు వాడవలె. నీటిలో సున్నపుపాలు ఉంటే అలిజరిన్, పటికలోని అల్యూమినియం, కాల్సియం కలిసి ఎరుపు చక్కగా వస్తుంది. కాబట్టి నీరు మారితే ఫలితం మారుతుంది. ఇనుము పాత్ర పనికిరాదు, ఎరుపు నల్లబడుతుంది. చివరకు ముక్కలను, ఏది ఏ మడిదో తెలియని విద్యార్థులచేత పగటివెలుతురులో వరుసపెట్టించవలె. తెలిసినవారి కన్ను తెలియకుండానే పక్షపాతం చూపుతుంది.

ఫలితం ఎట్లా వచ్చినా మంచిదే. అడవి వేరు గెలిస్తే రాక్స్‌బర్గ్ వాక్యానికి కారణం వెదకవచ్చు. భేదం లేకపోతే ఆ వాక్యానికి హద్దు గీయవచ్చు.

ఎందుకింత శ్రమ?

1868లో గ్రేబె, లీబర్‌మన్ అనే జర్మన్ రసాయనశాస్త్రజ్ఞులు బొగ్గుతారునుంచి వచ్చే ఆంథ్రసీన్‌తో అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేశారు. మొక్కలనుంచి మాత్రమే లభిస్తూ వచ్చిన రంగు ఒకటి ప్రయోగశాలలో తయారుకావడం అదే మొదలు. అది రసాయనశాస్త్రానికి గొప్ప విజయం. చిరివేరులోని రంగు అలిజరిన్ అని ఏ. జి. పెర్కిన్, హమ్మెల్ 1893లో విశదం చేశారు. వేరు రహస్యం శాస్త్రానికి తెలిసేనాటికే వేరుకు గిరాకీ పడిపోయింది. కృత్రిమపు రంగు మచిలీపట్నం అద్దకంలోకికూడా వచ్చింది. వేరు సాగు చేసేవారితోపాటు వారి అనుభవం చెదరిపోయింది. ఏ నెలలో చల్లవలె, ఎన్నిసార్లు నీరు పెట్టవలె, ఏ ఇసుక మంచిది అనే తెలివి కాగితంమీదికి ఎక్కినది తక్కువ. ఎక్కిన కొంచెంలో ముఖ్యభాగం ఇంగ్లీషులో, లండనులో అచ్చయిన ఖరీదైన పెద్ద సంపుటాలలో ఉన్నది.

ఆ సంపుటాలను ఇప్పుడు అంతర్జాలంలో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఇది మన తరానికి దొరికిన అదృష్టం. కాని చూడడంతో సరిపెట్టుకొంటే చిరివేరు మళ్లీ ఒక అందమైన బొమ్మగానే మిగులుతుంది. రాక్స్‌బర్గ్ గ్రంథం గొప్పది, అసంపూర్ణమైనది. రెండు మాటలూ నిజమే. అతని గొప్పతనం మొక్కను పెంచేవారినీ వాడేవారినీ అడిగి తెలుసుకోవడంలో ఉన్నది. అసంపూర్ణత వారి పేరు చెప్పకపోవడంలోను, వారు చెప్పినదాన్ని అంకెలతో పరీక్షించకపోవడంలోను ఉన్నది. మొదటి లోపాన్ని మనం సరిదిద్దలేం. ఆ పేర్లు పోయినవి. రెండవదాన్ని సరిదిద్దడానికి ఇసుకమడి, త్రాసు, భూతద్దం, రెండేళ్ల ఓర్పు చాలు. తొమ్మిదో తరగతిలో విత్తు చల్లిన విద్యార్థి పదో తరగతి ముగిసేనాటికి రెండేళ్ల వేరును తవ్వవచ్చు.